దయానందం సార్ చెప్పిన మూడు నీళ్లు

మొన్న మొఘల్‌పురా మూలమీది ఇరానీ హోటల్లో, బస్సు దొరకదేమోనన్న తొందరలో, చాయ్ ఊదకుండానే గుటక వేశాను. నాలుక చుర్రుమంది, కళ్లలో నీళ్లు తిరిగాయి, నోట్లోంచి "జెస్తోస్!" అని గట్టిగా వచ్చేసింది. ఎదురుగా ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుంటున్న పెద్దాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, బిస్కెట్టు విరిగి కప్పులో పడిపోయింది. ఆయన్నేదో తిట్టాననుకున్నాడు పాపం. "మాఫ్ కర్నా చాచా, తిట్టు కాదు, గ్రీకు మాట," అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు. నాకు మాత్రం నవ్వాగలేదు. ఎందుకంటే ఆ మాట నాకు నేర్పిన మనిషి ఒకప్పుడు ఆ హోటల్లోనే, రెండు బల్లల అవతల, దాన్ని నాకంటే గట్టిగా అరిచాడు.

ఆయన పేరు దయానందం సార్. మా చర్చివాళ్లందరికీ సారే. సర్కారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు పాదిరి చదువుకు వెళ్లి, గ్రీకు నేర్చుకుని, పాదిరి కాకుండానే తిరిగి వచ్చేశాడు. ఎందుకు సార్ అని అడిగితే, "గ్రీకు నచ్చింది బిడ్డా. ప్రసంగం చేసుడు నచ్చలె. ఇంకొకరి ప్రసంగం చెప్పుడు నచ్చింది," అనేవాడు. మా కూటాలకు రాని వాళ్లకు ఇది విడమరిచి చెప్పాలి. బయటి ఊళ్ల నుంచి వచ్చే దైవసేవకులు ఇంగ్లీషులో మాట్లాడతారు. వాళ్ల పక్కన ఇంకొకరు నిలబడి, ఒక్కో వాక్యాన్నీ వెంటనే తెలుగులో చెప్పాలి. ఆయన చెయ్యెత్తితే వీళ్లూ ఎత్తాలి, ఆయన గొంతు పెంచితే వీళ్లూ పెంచాలి. పాతబస్తీ చర్చిల్లో ఆ పక్క స్థానం ఏళ్ల తరబడి దయానందం సార్‌ది. ఆయన తెలుగు వింటుంటే, అసలు ప్రసంగం ఆయనదేననీ, ఆ పక్కాయన ఊరికే ఇంగ్లీషులోకి మారుస్తున్నాడనీ అనిపించేది!

పొడుగాటి మనిషి, కుదురు బొత్తిగా లేదు. మంచి మాట ఏదైనా తగిలిందంటే కుర్చీలో కూర్చోలేడు, లేచి నిలబడాల్సిందే. ఆ మొఘల్‌పురా ఇరానీ హోటల్ ఖాజా భాయ్‌ది, దాని మీది అంతస్తులోనే సార్ అద్దెకుండేవాడు. పైన కుర్చీ కిర్రుమంటే కింద ఖాజా భాయ్ సమోవర్ దగ్గర నుంచే, "సాబ్ కో ఫిర్ కుఛ్ మిల్ గయా," అనేవాడట, సార్‌కు మళ్లీ ఏదో దొరికిందని. నేను డిగ్రీ ఇంగ్లీషు కోసం ఆయన దగ్గర ట్యూషన్‌కు చేరాను. పది రోజులు తిరగకముందే వ్యాకరణం పక్కన పెట్టి, కిటికీలోంచి వినిపించే మాటలన్నీ నాచేత తెలుగులోకి చెప్పించడం మొదలుపెట్టాడు. ఖాజా భాయ్ పాలవాడితో పెట్టుకున్న లొల్లి అంతా నేను ఉర్దూ నుంచి తెలుగులో చెప్పాలి, అదీ అదే కోపంతో. ఒకసారి తిట్టు దగ్గర సిగ్గుపడి దాటేశాను.

"ఏమైంది, మింగినవ్?" అన్నాడు సార్.

"బూతు సార్."

"గాయన నోరు గాయనది. నీ దగ్గర ఒక్క మాట గూడ మిగలొద్దు, నీ దిక్కుకెళ్లి ఒక్క మాట గూడ కలవొద్దు. ఆయన తప్పు చెప్తే ఆ తప్పు గూడ సక్కగ చెప్పాలె. అర్థమైందా?"

అర్థమైంది. తిట్టు మొత్తం చెప్పాను. సార్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్ల కోసం నేను ఏ మాటనైనా ఏ భాషలోకైనా తోసేయడానికి సిద్ధమైపోయాను. జీవితంలో నాకు చేతనయ్యే పని ఒకటి దొరికిందని ఆ రోజు గంతులేసుకుంటూ ఇంటికి వెళ్లాను.

మా ఇల్లు గౌలిపురలో, బర్రెల కొట్టాల మధ్య ఇరుకు గల్లీలో. నాన్న బస్సు డిపోలో మెకానిక్. అమ్మ పేరు ఎస్తేరమ్మ. ఒకప్పుడు మా చర్చిలో పాట ఎత్తుకునేది అమ్మే. కంజిర పట్టుకుని ముందు వరసలో నిలబడిందంటే వెనక కునికే మగవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. ఒక వానాకాలం జ్వరమొచ్చి నా తమ్ముడు పోయాడు. చిన్నోడు అని పిలుచుకునేవాళ్లం, అప్పుడే నాలుగో తరగతిలోకొచ్చాడు. ఆ తర్వాత అమ్మ కంజిర ముట్టలేదు, పాడలేదు, వాడి పేరు కూడా ఎత్తలేదు. చర్చికి మానకుండా వచ్చేది గానీ లోపలికి వచ్చేది కాదు. గేటు దగ్గర రంజన్లుంటాయి, అంటే పెద్ద మట్టి కుండలు. వచ్చేపోయేవాళ్లకు చల్లటి నీళ్లివ్వడం స్త్రీల సమాజంలో వంతులవారీ పని. అమ్మ అందరి వంతులూ తనే తీసేసుకుంది. రంజన్‌కు తడిగుడ్డ చుట్టి, బేగంబజార్ నుంచి తెచ్చిన స్టీలు గ్లాసులు కడిగి బోర్లించి, ఆరాధన జరిగినంతసేపూ అక్కడే కూర్చునేది.

వంతు తప్పినందుకు ఆడవాళ్లు సంతోషించారు, ఆ వెంటనే గుసగుసలాడారు. "ఎస్తేరమ్మ సల్లవడ్డది" అన్నారు. ఈ మాట మామూలుగా వినేవాళ్లకు ఏమంత కాదు. మాకు మాత్రం గుండెలో గుచ్చుకుంటుంది. బైబిల్ చివరి పుస్తకంలో ప్రభువు లవొదికయ అనే ఊరి సంఘంతో, నువ్వు చల్లగానూ లేవు, వెచ్చగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావు కాబట్టి నోట్లోంచి ఉమ్మేస్తానంటాడు. మేం విన్న ప్రసంగాలన్నిట్లో వెచ్చగా ఉండటమంటే భక్తి, చల్లబడటమంటే దేవుణ్ణి వదిలేయడం. చల్లబడ్డవాళ్లను ముందుకు పిలిచి, అందరూ చుట్టూ నిలబడి ప్రార్థన చేసే అలవాటు కూడా మా కూటాల్లో ఉంది. అమ్మను అట్లా పిలుస్తారేమోనని నాకు లోపల దడ. పిలిచారంటే అమ్మ గేటు దగ్గరికి కూడా ఇక రాదు. వాడు పోయాక అమ్మ ఇల్లు కదిలేది ఆ ఒక్క చోటికే. అది కూడా పోతే మాకు అమ్మ మిగలదు. ఇంకో భయం కూడా ఉండేది, పైకి అనలేనిది: నిజంగానే దేవుడు అమ్మను ఉమ్మేస్తాడేమోనని.

ఒక రోజు ట్యూషన్లో అది పైకి అనేశాను. "సార్, మా అమ్మ సల్లవడ్డదంట. దేవుడు ఉమ్మేస్తడా?"

సార్ నా ముఖం కేసి చూశాడు. తర్వాత షెల్ఫులోంచి గ్రీకు కొత్త నిబంధన తీసి, పేజీలు తిప్పి, చదివి, కిర్రుమని లేచాడు. "నడువ్ కిందికి!" అన్నాడు. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా నన్ను ఖాజా భాయ్ హోటల్లోకి లాక్కెళ్లాడు. పొయ్యి మీద చాయ్ గిన్నె తెర్లుతోంది.

"సూడు! గిదీ! జెస్తోస్!" హోటలంతా తలతిప్పింది. "వెచ్చగ కాదు బిడ్డా. మన తెలుగుల మెత్తగ రాసిండ్రు. అసలు మాట సలసల కాగుడు!"

"క్యా హువా మాస్టర్ సాబ్?" అన్నాడు ఖాజా భాయ్, జల్లెడ పట్టుకుని.

"కుఛ్ నై భాయ్, రెండు వేల ఏండ్ల కిందటి గిన్నె ఇంకా మసులుతున్నది. రెండు చాయ్!"

ఆ చాయ్ ముందు కూర్చుని, సార్ నాకు లవొదికయ ఊరి సంగతి చెప్పాడు. దాని పక్కన ఒక ఊళ్లో వేడినీటి ఊటలుండేవట, ఒళ్లు నొప్పులున్నవాళ్లు వెళ్లి మునిగేవారట. ఇంకో పక్క ఊళ్లో కొండ మీది నుంచి చల్లటి నీళ్లు దిగేవట, తాగితే ప్రాణం లేచొచ్చేదట. లవొదికయకు మాత్రం సొంత నీళ్లు లేవు. దూరం నుంచి రాతి గొట్టాల్లో వచ్చేసరికి ఆ నీళ్లు అటూ ఇటూ కాకుండా పోయేవని పండితులు చెబుతారట.

"మన నల్లాలకొచ్చే గండిపేట చెరువు నీళ్లు ఎంత మంచియి? మే నెలల మిట్టమధ్యాహ్నం నల్లా ఇప్పి నోట్ల వోసుకో, ఏం జేస్తవ్?"

"ఉమ్మేస్త సార్."

"గంతే! కాగేటి నీళ్లు పనికొస్తయ్, సల్లటి నీళ్లు పనికొస్తయ్. సల్లగుంటే తప్పని ఎవడన్నడు? సల్లగన్న ఉండమన్నడు! రెండూ మంచియే అన్నడు! మీ అమ్మను సల్లటిదన్నోళ్లు తిడుతున్నమనుకుంటున్నరు, పొగుడుతున్నరు వాళ్లు!"

బల్ల మీద కొట్టాడు, చాయ్ సాసర్లోకి ఒలికింది. నాకు ఒంట్లో కరెంటు పాకినట్టయింది. ఇంతకాలం భయపెట్టిన మాట వెనక ఒక ఊరుంది, ఆ ఊరికి మాలాగే నల్లా కష్టాలున్నాయి! గౌలిపుర దాకా దాదాపు పరుగెత్తాను. అమ్మ బియ్యం ఏరుతోంది. ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పాను.

"సార్లకు సదువెక్కువైతే గట్లనే చెప్తరు," అంది, చాటలోంచి తలెత్తకుండా.

ఆ వేసవిలో సార్ గొంతు పోయింది. బొంగురుపోయి, గుసగుసలా తయారైంది. మా చర్చి ఆవరణలో షామియానా కింద ఏటా జరిగే వేసవి కూటాలకు ఎవరు అనువాదం చెప్పాలని పెద్దలు తలపట్టుకుంటే, "ఇది చెప్తది," అని సార్ నన్ను ముందుకు తోశాడు. ఆడపిల్లనని ఇద్దరు ముగ్గురు గొణిగారు. సార్ వాళ్లకేసి చూశాడు, అంతే, సణుగుడు ఆగింది. చెన్నై నుంచి వచ్చిన దైవసేవకుడు మంచి మనిషి, భారీ గొంతు, ఒక్క వాక్యాన్ని మూడు కెరటాలుగా చెప్పేవాడు. ఆయనతో పాటు చెయ్యెత్తుతూ, గొంతు పెంచుతూ, నేను ఎగిరిపోతున్నాననే అనుకున్నాను. ముందు వరసలో సార్ పెదాలు నా మాటలతో పాటు కదులుతుండేవి.

ఆఖరి రోజు పొద్దుటి కూటంలో ఆయన తెరిచిన పేజీ లవొదికయ సంఘానిది.

గేటు వైపు ఒకసారి చూశాను. అయినా చెప్పుకుంటూ పోయాను. ఆయన నోరు ఆయనది. చెమటతో ఆయన చొక్కా వీపుకు అతుక్కుంది, గొంతు ఇంకా పెరిగింది. ఆఖరికి చెయ్యి జనం వైపు చాచి, మీలో చల్లబడిపోయినవారు ఉన్నచోటే లేచి నిలబడండి, సంఘం మిమ్మల్ని చూసి మీకోసం ప్రార్థించాలి అన్నాడు.

ఇంగ్లీషు అర్థమైనవాళ్లు నేను చెప్పకముందే తలలు తిప్పారు. స్త్రీల సమాజం వరస మొత్తం గేటు వైపు చూసింది. అక్కడ అమ్మ రంజన్ మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఇంగ్లీషు రాదు, ఏం జరిగిందో తెలియదు, అందరూ తననెందుకు చూస్తున్నారో తెలియక, నా తెలుగు కోసం నన్నే చూస్తోంది.

నా నోరు ఆగిపోయింది. ఆయన మళ్లీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా, నాకు అర్థం కాలేదనుకుని. మైకు కీచుమంది. చెబితే అమ్మ పోతుంది. చెప్పకపోతే సార్ నేర్పిందంతా పోతుంది. నేను సార్ వైపు చూశాను.

సార్ లేచి నిలబడ్డాడు. వేదిక వైపు రాలేదు. పొడుగాటి అంగలు వేసుకుంటూ అందరి మధ్యలోంచి గేటు దగ్గరికెళ్లి, అమ్మకు చెయ్యి చాచాడు. అమ్మ అలవాటుగా గ్లాసు ముంచి ఇచ్చింది. తొణక్కుండా తెచ్చి దాన్ని దైవసేవకుడి చేతికిచ్చాడు. మే నెల ఎండలో అంతసేపు అరిచిన మనిషి, అడగకుండానే గటగటా తాగేశాడు.

"ఎట్లుంది బ్రదర్?" అని సార్ బొంగురు గొంతుతో ఇంగ్లీషులో అడిగాడు.

"చాలా చల్లగా ఉంది. దేవునికి స్తోత్రం," అన్నాడాయన, ఇంకా ఆయాసపడుతూ.

"చల్లబడినవారు లేవండన్నారే, ఆ చల్లగా అన్న గ్రీకు మాట, ఇక్కడ గాక కొత్త నిబంధన మొత్తంలో ఇంకొక్క చోటే ఉంది బ్రదర్. ఈ చిన్నవారిలో ఒకరికి గిన్నెడు చల్లటి నీళ్లిచ్చినవాడి ఫలం పోదని ప్రభువు అన్న చోట. అదే మాట. ప్సుఖ్రోస్."

ఆయన ఖాళీ గ్లాసు వైపు చూశాడు. సార్ వైపు చూశాడు. కోప్పడతాడేమోనని నేను అనుకుంటుంటే, ఆ పెద్దమనిషి జేబులోంచి కళ్లద్దాలు తీసుకుని, తన బైబిల్లో అక్కడా ఇక్కడా తిప్పి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, పెద్దగా నవ్వాడు. "నేనిది ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. చెప్పమ్మా, నీ ప్రజలకు నువ్వే చెప్పు," అన్నాడు.

చెప్పాను! ఇంకెవరి వాక్యం కోసమూ ఎదురుచూడకుండా, పుస్తకాల తెలుగు వదిలేసి, మా గల్లీ మాటలో చెప్పాను. "అక్కా, అన్నా, ఇనుండ్రి! కాగుతుంటే మంచిదే, సల్లగుంటే మంచిదే! గోరెచ్చగ ఉండుడే తప్పు! సల్లటి నీళ్లిచ్చిన చెయ్యి ఎవలిదైనా గాని, దాని ఫలం యాడికి పోదంట!" సార్ చప్పట్లు కొట్టాడు. షామియానా కింద ఎవరో హల్లెలూయా అన్నారు, తర్వాత అందరూ అన్నారు. కూటం ముగిశాక జనం, అదేం చిత్రమో, మొత్తం నీళ్ల దగ్గరికే పోయారు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు కూడా గ్లాసు చాచింది. ఆ తోపులాటలో అమ్మ గొంతు చాలాకాలం తర్వాత గట్టిగా వినిపించింది: "లైన్ల నిలవడుండ్రి, తొక్కులాడకుండ్రి! రంజన్ ఒడిసింది, ఎవలన్న బిందె తెండ్రి!"

ఇంటికి నడుస్తున్నంతసేపూ నేను వాగుతూనే ఉన్నాను. అమ్మ మాత్రం మధ్యాహ్నం అన్నం కూడా వడ్డించలేదు. సాయంత్రం సార్ వచ్చాడు, గల్లీ మొదట్లో నుంచే లేని గొంతుతో "శభాష్ బిడ్డా!" అని అరవబోయి దగ్గుకుంటూ. గడపలోకి రాగానే నేను ముందు అడగాల్సింది అడిగేశాను. "సార్, చెప్పకుండ ఆగిన. తప్పు గదా?"

"కలపొద్దన్న. మింగొద్దన్న. ఆగొద్దని ఎన్నడన్న అన్ననా?" అన్నాడు, నవ్వుతూ.

అప్పుడు అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సార్, ఒక్కటి అడుగుత. చిన్నోనికి జరం మస్తుండె. సల్లటి నీళ్లు కావాలె అని ఒక్కతీర్గ అడిగిండు. జరంల సల్లటియి పడయని అందరన్నరు. నేను కాచి, గోరెచ్చగ చేసి తాపిన. నోట్ల వోస్తే ఉమ్మేసిండు. మల్ల వోసిన, మల్ల ఉమ్మేసిండు. తెల్లారి పోయిండు." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ వాక్యం చదివినప్పుడల్ల నాకు గదే కండ్లవడుతది. చిన్నోడు ఉమ్మేసింది నన్నా సార్, నీళ్లనా?"

ఇన్నేళ్లూ ఆ రంజన్ దగ్గర అమ్మ ఎవరికి నీళ్లిస్తోందో నాకు అప్పుడు తెలిసింది. నాన్న గోడ వైపు తిరిగిపోయాడు. నేను సార్ వైపు చూశాను. ఆయన దగ్గర ఎన్ని మాటలున్నాయో నాకు తెలుసు. గ్రీకు ఉంది, లవొదికయ ఉంది, పండితులున్నారు. ప్రతి మాటకూ లేచి నిలబడే మనిషి ఆ రోజు లేవలేదు. నేల మీద అమ్మ ముందు కూలబడి, ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"నీళ్లనే తల్లీ," అన్నాడు. "నీళ్లనే."

అమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. తమ్ముడు పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. నాకు మాత్రం దుఃఖంతో పాటు పిచ్చి సంతోషమేసింది, ఎందుకంటే ఆ ఏడుపు మధ్యలో అమ్మ వాడి పేరు పెట్టి పిలుస్తోంది.

సార్ పోయి చాన్నాళ్లయింది. నేనిప్పుడు ఒక పెద్దాసుపత్రిలో డాక్టర్లకూ రోగులకూ మధ్య మాట చెప్పే ఉద్యోగం చేస్తున్నాను. ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు, పొద్దంతా నోరు ఆడుతూనే ఉంటుంది, ఈ పనంటే నాకిప్పటికీ పండగే. పిల్లల వార్డులో తల్లులు డాక్టర్‌ను ఏమేమో అడుగుతారు, చివరికి అందరూ అడిగేది ఒక్కటే: నా వల్లనే అయిందా అని. డాక్టర్ చెప్పింది ఉన్నదున్నట్టు చెబుతాను, ఏమీ కలపను, ఏమీ మింగను. కాకపోతే చెప్పేముందు ఒక్క క్షణం ఆగి, ఆ తల్లి ముఖంలోకి చూస్తాను. దయానందం సార్ నేల మీద కూర్చుని మా అమ్మను చూసినట్టు చూడటం నాకింకా సరిగ్గా రాలేదు. రోజూ ప్రయత్నిస్తున్నాను.